జాలీ గురించి నా అభిప్రాయం

"ఉషా, నువ్వేమంటావు?" అన్నాడు మా ఆయన, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

నేను దోసె పెనాన్ని అట్లకాడతో గీకుతున్నాను. మామయ్య ఎర్రగా కాల్చమన్న దోసె ఒకటి మాడి పెనానికి అతుక్కుపోయింది. "దేని గురించి?" అన్నాను, దేని గురించో తెలిసి కూడా. కొన్నాళ్ళుగా మా ఇంట్లో వేరే మాటే లేదు.

"అదే, జాలీ గురించి. పోత ఇనుముదా, స్టీలుదా, పింగాణీ పూత వేసిందా?"

"నాకేం అభిప్రాయం లేదండీ."

ఆ మాట ఎంత మామూలుగా అన్నానో వింటే, దాని వెనక ఎంత కష్టం ఉందో ఎవరూ అనుకోరు. అభిప్రాయం లేకపోవడమేమిటి, గొంతు దాకా ఉంది. ఇంకాస్త ఉంటే దోసె చెక్కుతో పాటు అదీ రాలి కింద పడేది.

మా ఆయన పెంచలకృష్ణ ముత్తుకూరులో రొయ్యల మేత డీలరు. బాగా అమ్మిన డీలర్లకు కంపెనీ వాళ్ళు ఏటా ఏదో ఒకటి ఇస్తారు. ఒక ఏడు ఫ్రిజ్జు ఇచ్చారు. ఒక ఏడు బ్యాంకాక్ తీసుకుపోయారు, డీలర్లను మాత్రమే; భార్యలకు తలా ఒక హాట్ ప్యాక్ పంపించారు. ఈసారి గ్యాస్ గ్రిల్లు. చక్రాల బండి మీద పొయ్యి, పైన మూత, కింద సిలిండరు. మంట మీద పరిచే కమ్మీల జాలీ మాత్రం మూడు రకాల్లో ఏది కావాలో డీలరే ఎంచుకుని చెప్పాలట. చేపలూ రొయ్యలూ కాలేది ఆ జాలీ మీదే. పొయ్యి ఇంకా చెన్నైలో గోడౌను దాటలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దాని మీద మొదట ఏ చేప కాల్చాలో, ఎవరెవర్ని పిలవాలో మా ఇంట్లో అప్పటికే తేలిపోయింది.

ఇక నా సంగతి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న థర్మల్ ప్లాంటులో నేను కెమిస్టుని. సముద్రపు నీళ్ళు తిరిగే గొట్టాల్లో రకరకాల లోహపు బిళ్ళలు వేలాడదీసి, కొన్నాళ్ళకు బయటికి తీసి, తుప్పు ఎంత తినేసిందో తూచి చెప్పడం నా పని. చాలా ఏళ్ళుగా అదే చేస్తున్నాను. ఈ ఉప్పు గాలిలో ఏ లోహం ఎన్నాళ్ళు బతుకుతుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ నిద్రలో లేపడమే నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరూ పెట్టింది కాదు, దానంతటది ఏర్పడింది. ఏ వస్తువు గురించి నేను నోరు తెరిస్తే ఆ వస్తువు చాకిరీ నాదవుతుంది. చేపల తొట్టి తెచ్చినప్పుడు, "నీళ్ళు వారానికోసారి మార్చాలేమో" అన్నాను. "చూసినావా, నీకు తెలిసినంత నాకు తెలీదు" అని మెచ్చుకున్నాడు మా ఆయన. ఇక ఆ బంగారు చేపలు చచ్చేదాకా నీళ్ళు మార్చింది నేనే, చచ్చాక పెరట్లో పూడ్చిందీ నేనే. మామయ్య షుగరు మాత్రల్లో ఏది తిండికి ముందో ఏది తర్వాతో ఒకసారి సరిదిద్దాను. ఇప్పుడు ఆయన మాత్ర వేసుకోవడం మరిచిపోతే అందరూ నా వైపు చూస్తారు. వాషింగ్ మెషీను కొనేటప్పుడు పైన మూత ఉన్నది మేలన్నాను. "నువ్వు చెప్పిందే తెచ్చినా గదా" అని నాకేదో ఉపకారం చేసినట్టు ఇప్పటికీ అంటాడు, తన చొక్కాలు అందులో వేస్తున్న నన్ను చూసి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఇంట్లో నోరు మూసుకుంటేనే ఒళ్ళు మంచిది. ఆఫీసులోనూ అంతే. ఒకసారి సేఫ్టీ డే ముగ్గు బాగాలేదన్నాను. ఆ ఏటి నుంచి ముగ్గు నాది.

నేను కాపాడుకోవలసింది ఒకటే ఒకటి ఉంది. ఆదివారం మధ్యాహ్నం నిద్ర. దాన్ని నేను అడిగి తెచ్చుకోలేదు, గెలుచుకోనూ లేదు. అమ్మాయిని నెల్లూరులో హాస్టల్లో చేర్చిన ఏడాది నాకు కళ్ళు తిరిగి పడిపోతే, ఒంట్లో ఇనుము తక్కువైందన్నాడు డాక్టరు. మందులు రాసి, ఒక నెల పాటు మధ్యాహ్నాలు పడుకోమన్నాడు. మిగతా రోజులు డ్యూటీ కాబట్టి ఆదివారాలకే కుదిరింది. ఆ నెల ఎప్పుడో అయిపోయింది. నేను ఎవరికీ గుర్తు చెయ్యలేదు. భోజనాలయ్యాక గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను కింద చాప మీద పడుకుంటాను. టీ వేళ దాకా నేను ఎవరికీ ఏమీ కాను. వారమంతా ఆ కాసేపటి కోసం బతుకుతున్నానంటే నవ్వుతారు గానీ, నిజం. మా అత్తమ్మ ఇందిరమ్మ పగలు నడుం వాల్చగా నేనెన్నడూ చూడలేదు. "పగటేళ పడుకున్న ఆడదాన్ని చూస్తే మా కాలంలో జొరమా అని అడిగేవాళ్ళు" అంటుంది. అయినా ఏ ఆదివారమూ ఆమె నన్ను లేపలేదు. డాక్టరు మాటంటే భయం కాబోలు అనుకునేదాన్ని.

ఇప్పుడు ఈ జాలీ వస్తోంది. నూనె కారి, చేప తోలు అంటుకుని, మసి పట్టిన జాలీ ఆదివారం భోజనాలయ్యాక ఎక్కడికి వస్తుంది? నా దగ్గరికే వస్తుంది. పోత ఇనుము మంచిదన్నానో, "ఇనుము నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు" అంటారు. స్టీలన్నానో, "నువ్వు చెప్పిందే తెచ్చినాం" అంటారు. పోయేది నా నిద్ర. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నోటికి తాళం వేసుకున్నాను.

మా ఆయన మాత్రం అడగని వాళ్ళు లేరు. గేట్లు చేసే వెల్డింగు షాపు అతన్ని అడిగాడు. మెకానిక్కుని అడిగాడు. రొయ్యల గుంటలున్న ఆనందబాబుని పిలిచి అడిగాడు. ఆనందబాబు ఆయన స్నేహితుడు, మంచివాడు, ప్రతిదానికీ ఫోనులో వీడియో చూపిస్తాడు.

"స్టీలు తీసుకో అన్నా. మా గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లకంతా అదే గదా. ఉప్పు నీళ్ళల్లో నానినా ఏం కాదు" అన్నాడు ఆనందబాబు.

నాకు వంటింట్లోంచి బయటికొచ్చి అతనికి దండం పెట్టాలనిపించింది.

"ఏరియేటరు మీద చేప కాల్చుకుంటావా నువ్వు?" అన్నాడు మా ఆయన. "వేడి పట్టుకోవాలబ్బా. పోత ఇనుమైతే వేడిని వదలదు. చేప మీద గీతలు పడతాయి చూడు, నల్లగా, అడ్డంగా. ఆ గీతలే అసలు రుచి."

"గీతలు కత్తితో పెట్టుకుంటాం గదా నాయనా, కారం లోపలికి పట్టేదానికి" అంది అత్తమ్మ, చిక్కుడుకాయలు వలుస్తూ. "దానికి ఇనుమెందుకు?"

"ఆ గీతలు వేరు, ఈ గీతలు వేరు అమ్మా."

మామయ్య రంగనాయకులు గారు బుచ్చిరెడ్డిపాలెంలో సేద్యం చేసి, చేలు కౌలుకిచ్చి, మా దగ్గరికొచ్చి ఉంటున్నారు. ఆయన ఏ విషయమైనా బుచ్చి నుంచి మొదలుపెడతారు. "మన మోటరు పంపు పోత ఇనుమే. ఎన్నేళ్ళు ఆడింది! వానకు తడిసింది, ఎండకు ఎండింది, ఒక్క నాడు తుప్పు పట్టిందా? పూత మీద నాకు నమ్మకం లేదు. పూత రాలిపోతే లోపల ఏముండాదో ఎవరికి తెలుసు."

బుచ్చిలో సముద్రం లేదు మామయ్యా అని నా నాలుక చివరికి వచ్చింది. మా గేటు, మా కిటికీ ఊచలు, మామయ్య సైకిలు, ఈ ఊరికొచ్చాక ఎర్రబారని ఇనుము మా ఇంట్లో ఏదైనా ఉందా? ఆయన కూర్చున్న మడత కుర్చీ కాళ్ళే పొట్టు రాలుస్తున్నాయి. నాలుకను లోపలికి లాక్కుని పోపు వేశాను. ఆ రోజు పోపు కూడా మాడింది.

అత్తమ్మకు దిగులల్లా ఒకటే. ఆమె నీచు తినదు. కొన్నేళ్ళ కిందట పెంచలకోన స్వామికి మొక్కుకుని చేపా మాంసం వదిలేసింది. నీచు వండిన గిన్నె ముట్టదు, అవి కడిగే సింకు వైపు రాదు. ఆమె నిష్ఠను చుట్టాలందరూ మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను, ఆమె వదిలేసిన చేపల దాకలన్నీ తోముతూ. "చేప కాల్చిన కమ్మీల మీద నాకు మొక్కజొన్న కాల్చేరు, చెప్తుండా" అంది.

"అయితే రెండు జాలీలు పెట్టుకుందాం. నీకొకటి, మాకొకటి" అన్నాడు మా ఆయన ఉత్సాహంగా.

రెండు. నా గుండె ఒక్క క్షణం ఆగింది. కంపెనీ వాళ్ళు ఒక్కటే ఇస్తామనడంతో మళ్ళీ కొట్టుకుంది.

ఇన్ని రోజుల చర్చలో వేడి గురించి మాట్లాడారు, బరువు గురించి మాట్లాడారు, గీతల గురించి గంటల తరబడి మాట్లాడారు. కడగడం అన్న మాట మాత్రం ఒక్కసారీ రాలేదు. వీడియోల్లో టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ప్రతిసారీ చివర్లో జాలీ కడిగి చూపించేవాడు. మా ఆయన అక్కడికి రాగానే వేలితో ముందుకు తోసేవాడు. అంటే ఆ జాలీ దానంతటదే శుభ్రమవుతుందని ఆయన నమ్మకం. అలా నమ్మడంలో ఆయన తప్పేముంది పాపం. పుట్టినప్పటి నుంచి ఆయన చుట్టూ ఉన్న గిన్నెలన్నీ రాత్రికి మురికిగా ఉండి, పొద్దునకు వాటంతటవే మెరుస్తున్నాయి కదా.

ల్యాబులో నాతో పనిచేసే సాయిలక్ష్మికి ఇదంతా చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. "స్టీలని ఒక్క ముక్క చెప్పేస్తే పోతుంది గదక్కా."

"పోదు. వస్తుంది" అన్నాను.

చివరికి పోత ఇనుమే ఖాయమైంది. ఒక శుక్రవారం పొద్దున గ్రిల్లు దిగింది. పొయ్యి సంగతి దేవుడెరుగు గానీ, దాని చక్రాలు చూసి అత్తమ్మ మొహం గంభీరమైపోయింది.

"దీనికి చక్రాలుండాయే. బండి కిందే లెక్క. పూజ చెయ్యకుండా కదిలించబాకండి."

దానితో వసారాలో గ్యాస్ గ్రిల్లుకు వాహన పూజ జరిగింది. పొయ్యికి పసుపు రాసి బొట్లు పెట్టారు. జాలీకి కమ్మీ కమ్మీకీ కుంకుమ పెట్టింది అత్తమ్మ. ఇంకా చేప తగల్లేదు కాబట్టి అప్పటికది శుద్ధమే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మామయ్య వెనక నుంచి తోస్తే, మా ఆయన ముందు నుంచి పట్టుకున్నాడు. నిమ్మకాయలు చితికాయి. ఇక కొబ్బరికాయ. బండికైతే టైరు ముందు నేల మీద కొడతారు. మా ఆయనకు ఆ పూట ఎక్కడ లేని భక్తీ పొంగుకొచ్చి, ఇనుము కదా, గట్టిగా ఉంటుంది కదా అని, పీచు తీసిన కాయ ఎత్తి నేరుగా జాలీ మీద కొట్టాడు.

టప్పుమంది. అందరం కాయ వైపు చూశాం. కాయకేం కాలేదు. జాలీలో ఒక కమ్మీ చివరి నుంచి విరిగి కిందికి వేలాడుతోంది.

పోత ఇనుము బరువు మోస్తుంది గానీ దెబ్బ ఓర్వదు. ఇది కూడా నాకు తెలుసు. కాయ ఆయన చేతిలో పైకి లేచినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను, నోరు కూడా.

ముందుగా మామయ్యే తేరుకున్నారు. "మంచిదే అయినాది. దిష్టంతా ఆ కమ్మీకి తగిలి పోయినాది."

ఆ మాట అందరికీ నచ్చింది. మా ఆయన రెండోసారి కాయను నేల మీద కొట్టి, ఆ నీళ్ళు తెచ్చి జాలీ అంతా చల్లాడు. "శుక్రవారం పెట్టిన బొట్టు, ఆదివారం దాకా తుడవబాకండి" అంది అత్తమ్మ. నూనె మొహం ఎరగని పచ్చి ఇనుము, దాని మీద కొబ్బరి నీళ్ళు, పసుపు, పక్కన చితికిన నిమ్మకాయ, ఎదురుగా సముద్రపు గాలి. మా ల్యాబులో తుప్పు తొందరగా పట్టించాలంటే నేను ఇంత బాగా ఏర్పాటు చెయ్యలేను.

శనివారం బట్టలు ఆరేస్తూ చూశాను. జాలీ మీద ఎరుపు పాకుతోంది. నా వేళ్ళు దురద పెట్టాయి. ఒక గుడ్డ, రవ్వంత నువ్వుల నూనె చాలు, ఇప్పుడైనా. అటూ ఇటూ చూశాను. ఒక్కసారి తుడిచానంటే, ‘ఉషకు దాని సంగతి తెలుసు’ అన్న మాట పుడుతుంది. ఆ మాటకు చావు ఉండదు. తడి తువ్వాలు దులిపి లోపలికి పోయాను. మామయ్య మాత్రం దగ్గరికెళ్ళి చూసి, "కుంకుమ బో బాగా పట్టినాది" అన్నారు సంతోషంగా.

ఆదివారం వచ్చింది. ఆనందబాబు, ఇంకో ఇద్దరు డీలర్లు వచ్చారు. మా ఆయన జువ్వలదిన్నె రేవు దాకా పోయి సందువ చేపలు తెచ్చాడు. రొయ్యలు ఆనందబాబు తెచ్చాడు. ఆ రోజు వంట మగవాళ్ళదేనని అందరికీ ముందే చెప్పి ఉంచాడు. నిజమే, కాల్చింది మగవాళ్ళే. పొలుసు తీసింది, రొయ్యలు వలిచింది, అల్లం వెల్లుల్లి నూరింది, ఉప్పూ కారం పట్టించింది, అన్నం, రసం, అత్తమ్మకు వేరే పప్పూ కూరా చేసింది వంట కిందికి రాదు. నలుగురూ గ్రిల్లు చుట్టూ చేరి, తలా ఒక పట్టకారు పట్టుకుని, ఆపరేషను గదిలో డాక్టర్ల మాదిరి మెల్లగా మాట్లాడుకున్నారు.

రొయ్యలు ఒక్కొక్కటే విరిగిన కమ్మీ సందులోంచి మంటలోకి జారిపోయాయి. సందువలు జాలీకి అతుక్కుపోయి, తిప్పబోతే తోలు కిందే ఉండిపోయి మాంసం మాత్రం పైకి వచ్చింది. గీతలు పడ్డాయి గానీ నల్లగా కాదు, ఎర్రగా.

"రంగు బో వచ్చినాది అన్నా. కాశ్మీరు కారం వేసినావా?" అన్నాడు ఆనందబాబు వేళ్ళు నాకుతూ.

"అది చెప్పకూడదులే" అన్నాడు మా ఆయన, గొప్పగా.

నేను వేసింది మామూలు కారం. డాక్టరు నన్ను తినమన్న ఇనుము ఆ పూట మా ఇంటికొచ్చిన వాళ్ళందరూ తిన్నారు.

"పెంచలన్న చెయ్యి పడితే ఆ రుచే వేరు" అన్నారు అందరూ. నేను విస్తళ్ళు తీసి, అన్నం గిన్నెలు సర్ది, చెయ్యి కడుక్కున్నాను. నా కాళ్ళు గది వైపు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పెరట్లోంచి పిలుపు వచ్చింది.

"ఉషా, ఇట్ట రా ఒకసారి."

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన జాలీ పడుకుని ఉంది. సందువ తోళ్ళు, మాడిన కారం, వాటి కింద తుప్పు. మా ఆయన దాని మీద చెంబెడు నీళ్ళు పోసి, పారుతున్న ఎర్ర నీళ్ళను చూసి, "కుంకుమ ఇంకా పోలా" అన్నాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ ఎర్రగానే వచ్చింది. అప్పుడు ఆయనకే అనుమానం వచ్చింది.

"చింతపండు పెట్టి రుద్దితే పోతాది. ఇత్తడి బిందెలకు అదే గదా" అన్నారు మామయ్య, చెంబు అందుకుంటూ. ఆనందబాబు ఫోను తీశాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. ఆ మొహంలో ఎంత నమ్మకమో. "నువ్వు ప్లాంటులో చూసేది ఇదే గదా ఉషా. ఈ తుప్పు ఎట్ట పోతాదో నీకు తెలిసే ఉంటుంది. రవ్వంత చూడు."

ఇన్ని రోజుల్లో నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఒకరికి గుర్తు రావడం అదే మొదలు. ఎంచుకునేటప్పుడు గుర్తు రాలేదు, తోమేటప్పుడు గుర్తొచ్చింది. నాకు అభిప్రాయం లేదంటే తల ఎత్తకుండా నమ్మేసి వెల్డింగు షాపు అతన్ని అడిగిన మనిషి, నలుగురి ముందు ఇప్పుడు నా చదువును బయటికి తీసి, దాని చేతికి పీచు ఇస్తున్నాడు. ‘నాకు తెలియదండీ’ అన్న మాట నేను ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను. అది అనేస్తే సరిపోయేది. కానీ నోరు రాలేదు. తెలిసింది తెలియదని చెప్పి కూడా నిద్ర అడుక్కోవాలా నేను?

"తెలుసండీ" అన్నాను.

"హమ్మయ్య. చెప్పు మరి."

"చెప్పను."

మామయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆనందబాబు ఫోనులో తల దూర్చాడు. మా ఆయన నవ్వబోయి, నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

"నాకు నిద్రొస్తోంది. ఎంచుకున్నవాళ్ళే తోముకోండి" అని లోపలికి నడిచాను. వెనక నుంచి, "అమ్మా, నువ్వన్నా చెప్పు దానికి" అన్న మాట, వంటింటి గుమ్మంలోంచి, "నేను నీచు ముట్టను నాయనా" అన్న అత్తమ్మ జవాబు వినిపించాయి.

తలుపు దగ్గరగా వేసి చాప మీద పడుకున్నాను గానీ, ఎక్కడి నిద్ర? వచ్చినవాళ్ళ ముందు అంత మాట అన్నాను. ఇప్పుడు ఆయన వస్తాడు, లేదా ఆమె వస్తుంది. లేచి వెళ్ళిపోదామా, కాస్త నూనె రాసిస్తే అయిపోతుంది కదా అని కూడా అనిపించింది. సిగ్గు లేకుండా అనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

తలుపు తెరుచుకుంది. అత్తమ్మ లోపలికొచ్చి, తలుపు పూర్తిగా వేసి, గడియ పెట్టింది. చేతిలో ఆమె దిండు ఉంది.

"జరుగు" అంది.

జరిగాను. ఆమె మెల్లగా కూర్చుని, నడుం వాల్చి, వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూసింది. బయట గరగరమని చప్పుడు మొదలైంది.

"ఎవరు అత్తమ్మా?"

"కిష్ట రుద్దుతుండాడు. మీ మామ నీళ్ళు పోస్తుండాడు. ఆ ఆనందబాబు ఫోనులో చూసి ఎట్ట రుద్దాలో చెప్తుండాడు." దిండు సర్దుకుని, "ఆ సందువ ఎట్టుండింది?" అంది.

"బాగానే ఉంది. తోలు మాడింది."

"మాడిన తోలే నాకు ఇష్టం."

మోచేతి మీద లేచి ఆమె మొహంలోకి చూశాను. "మొక్కు కదా అత్తమ్మా?"

"మొక్కేందిమే, నా మొహం." ఆమె ఫ్యాను వైపే చూస్తోంది. "ఆదివారమైతే మీ మామ, ఆయన తమ్ముళ్ళు, వాళ్ళ స్నేహితులు. చేపల దాక, పెనం, కత్తిపీట తోమి తోమి వేళ్ళ సందులు పాసిపోయేవి. సోమవారం దాకా చేతులు నీచు వాసన. తోమనంటే ఊరుకుంటారా ఎవరన్నా? మొక్కుకున్నానంటే మాత్రం కిక్కురుమనరు. తోమలేకమ్మే, తినేదే మానుకున్నా."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. "ఆ దాకలన్నీ నా మీద పడ్డాయి కదా అత్తమ్మా."

"పడినాయి. నాకు తెలీదా?" ఆమె గొంతు తగ్గింది. "అందుకే గదా ఆదివారం పూట ఈ గది వైపు ఎవర్నీ రానీలేదు. డాక్టరు నెల రోజులే అన్నాడు. ఆ పొద్దు నీ పక్కన కూర్చోనుండింది నేనే."

బయట ఏదో జారి దబ్బున పడింది. "మెల్లగా రుద్దు అన్నా, ఇంకో కమ్మీ ఊడిపోతాది" అన్నాడు ఆనందబాబు. అత్తమ్మ గోడ వైపు తిరిగి, కొంగు మొహం మీదికి లాక్కుంది. నిద్రపోయిందనుకున్నాను.

"వచ్చే ఆదివారం కూడా వాళ్ళే తోమేటట్టయితే," అంది కొంగు లోపల నుంచి, "నాకూ ఒక ముక్క పెట్టు."